గోల కేసు

“ఆ ముసలిది వచ్చి చస్తుందా ఇవాళైనా?” కోర్టు వరండాలో అడుగు పెడుతూనే అడిగాడు డ్రైవర్.

“సాక్షి రాకుండా ఎలా ఉంటుంది?” అన్నాడు వకీలు. “నువ్వు మాత్రం నోరు అదుపులో పెట్టుకో. నీ మీదున్నదే నోటి కేసు.”

కోత మిల్లు గేటు ముందు నిలబడి, బండబూతులు తిట్టి, నలుగురికీ ఇబ్బంది కలిగించాడని కేసు. రుజువైతే సిటీ బస్సు నడిపే ఉద్యోగం ఊడుతుంది. ఆ ఉద్యోగం ఊడితే ఇంట్లో పొయ్యి వెలగదు.

తిట్టిన మాట నిజమే. మిల్లు రంపం కింద తమ్ముడి వేళ్ళు తెగిపడితే, యజమాని ఆసుపత్రి గడప తొక్కలేదు. కడుపు మండి వెళ్ళాడు డ్రైవర్.

“గేటు తియ్యరా! దమ్ముంటే తియ్యరా!” అని గొంతు చించుకున్నాడు.

గేటు తెరుచుకోలేదు గానీ పోలీసు జీపు వచ్చింది.

యజమాని పిలిపించి ఉంటే అదో తీరు. ఫిర్యాదు చేసింది ఎదురింటి మేడ మీద గదిలో ఉండే ఓ ముసలమ్మ. గోలకి తల పగిలిపోతోందని చెప్పిందట.

యజమాని మీది కోపం ఓ పక్కకి పోయి, ఈవిడ మీది కోపం నెత్తికెక్కింది డ్రైవర్‌కి. కొట్లాట తనకీ యజమానికీ. మధ్యలో తగుదునమ్మా అంటూ ఈవిడెవరు?

ఆమె వచ్చింది. వరండా చివరి బల్ల మీద, వీళ్ళకి వీపు పెట్టి కూర్చుంది.

డ్రైవర్ ఆగలేకపోయాడు. వెనక నుంచే అందుకున్నాడు.

“ఏం పెద్దమ్మా, తలనొప్పి తగ్గిందా? ఒకడి నోటికాడి కూడు లాగేస్తే గానీ నీకు నిద్ర పట్టదా?”

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“పొగరు చూడండి సార్! దున్నపోతు మీద వాన కురిసినట్టు...”

అప్పుడే బంట్రోతు చేతిలోంచి ఇనప కుర్చీ జారి గచ్చు మీద పడింది. వరండా వరండా అంతా ఉలిక్కిపడింది. వకీలు చొక్కా మీద టీ ఒలికింది. ఆమె మాత్రం చేతిసంచి పట్టీ సర్దుకుంటూ అలాగే కూర్చుంది.

డ్రైవర్ కళ్ళు మెరిశాయి.

“సార్! ఈవిడకి బ్రహ్మచెవుడు!”

వకీలు ఒలికిన టీ సంగతి మరిచిపోయాడు. “బతికించావయ్యా,” అన్నాడు.

బోనులో నిలబడ్డ ఆమెకి ఎదురుగా వెళ్ళి, “గోల భరించలేకపోయారా?” అని అడిగాడు.

ఆమె అతని పెదాల వైపే చూస్తూ, “అవును బాబూ,” అంది.

వకీలు ఫైలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. “ఇవాళ ఏం కూర వండుకున్నారు?”

ఆమె తడబడింది. “అవునండీ... చాలా పెద్ద గోల.”

హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా డ్రైవర్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి వినపడలేదు గానీ కనపడింది. తల దించుకుంది.

జడ్జి చేత్తో సైగ చేసి ఆమెని తన వైపు చూడమన్నాడు. “వినపడని మనిషికి గోలేమిటమ్మా? ఈ ఫిర్యాదు ఎవరు చేయించారు?”

“ఎవరూ లేరండీ. తప్పు నాదే.”

“అబద్ధపు ఫిర్యాదుకి మిమ్మల్నే లోపల వేయాలి. పెద్దవారని వదిలేస్తున్నాను.”

కేసు కొట్టేశారు.

మెట్ల దగ్గర డ్రైవర్ ఆమెకి అడ్డం నిలబడ్డాడు. పెదాలు చూసి గ్రహిస్తుందని తెలిసిపోయింది కదా, ఒక్కో మాటా సాగదీసి మరీ అన్నాడు.

“చెవిటిదానివి చెవిటిదానిలా పడుండు. ఇంకోసారి ఎవరి జోలికీ పోకు.”

ఆమె ఆఖరి మాట దాకా అతని పెదాలనే చూసింది.

“తమ్ముడి చెయ్యి మానిందా బాబూ?” అని అడిగింది.

“నీకెందుకు?”

ఆమె మెట్లు దిగి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆరోజు తనని జీపెక్కించిన కానిస్టేబులు మెట్ల కిందే ఉన్నాడు. “కాస్త ఎక్కువే మాట్లాడావు,” అన్నాడు.

“తక్కువే మాట్లాడాను సార్.”

“ఆవిడ ఆ మిల్లులోనే పనిచేసి ముసలిదైంది. చెవులు ఆ రంపం మోతే తినేసింది. అక్కడ పనిచేసేవాళ్ళంతా పెదాలు చూసే మాట్లాడుకుంటారు, తెలుసుగా?”

తెలుసు. తమ్ముడు ఇంట్లో కూడా ఎదుటివాళ్ళ నోరు చూస్తూనే మాట్లాడతాడు.

“కేసు అయిపోయింది కాబట్టి చెబుతున్నా, నీలోనే ఉంచుకో. ఆ సాయంత్రం ఆవిడ మేడ కిటికీలోంచి మిల్లు లోపలికి చూసింది. గేటు వెనక నలుగురు గునపాలు పట్టుకుని ఉన్నారు. ‘గేటు తీసి లోపలికి లాగండి, రంపం మీద పడ్డాడని చెబుదాం’ అంటున్నాడు యజమాని. పెదాలు చూసి ఆ మాట అంత దూరం నుంచే పట్టేసింది. చెప్పులైనా వేసుకోకుండా స్టేషనుకి పరిగెత్తుకొచ్చింది.”

గేటు తియ్యమని అరిచింది తనే. ప్రాణం పోసిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసిందీ తనే. డ్రైవర్ సిగ్గుతో చచ్చిపోయాడు.

“మరి ఆ గునపాల సంగతే రాయించొచ్చుగా సార్? గోల అనెందుకు రాయించింది?”

“నేనూ అదే అడిగాను. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. గోల అని రాస్తే ఇద్దరు బతుకుతారంది.”

“ఇద్దరా? నేను కాక రెండోవాడెవడు?”

“గునపం పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డ ఆవిడ కొడుకు,” అన్నాడు కానిస్టేబులు.