బెరడు ఒలిచిన జామచెట్టు

"మళ్ళీ నా జామచెట్టు మీద చెయ్యేశారా?" తెగిన రెమ్మలు చూసి, పక్కింటి మొక్కల నర్సరీ ఆయన్ని నిలదీసింది బయాలజీ టీచరు.

గోడ దాటాయని క్రితం నెల ఆయన ఆ చెట్టు కొమ్మలు నరికాడు. ఆవిడ కసికొద్దీ ఆయన జామచెట్టు మొదలు చుట్టూ బెరడు ఒలిచేసింది. ఆకులు వండిన తిండి వేళ్ళకు దిగేది బెరడులోంచే. ఆ దారి తెగితే చెట్టు మెల్లగా చస్తుంది.

"నాలుగు రెమ్మలే కోశానమ్మా. రండి, చూపిస్తా."

ఒలిచిన చోట, పై బెరడుకూ కింది బెరడుకూ మధ్య నాలుగు రెమ్మలు వంతెనల్లా అతికించి, గుడ్డతో కట్టి ఉన్నాయి.

"ఇంత పద్ధతిగా ఒలిచేది చదువుకున్నవాళ్ళే. ఇక దీని వేళ్ళకు మీ చెట్టు రెమ్మల్లోంచే తిండి దిగాలి. చంపాలనుంటే ముందు వాటినే కోసుకోండి."

ఆవిడ పళ్ళు కొరుక్కుంటూనే వంగి, వదులైన ముడి ఒకటి బిగించింది.