ఆడపిల్లల సీటు

“అయితే మీ పాప గూడా ఆ సీటుకే పెట్టుకోనిందా అన్నా?” అంటూ గౌస్‌సాబ్ కిటికీ వైపు జరిగి చోటిచ్చాడు.

“పెట్టుకోనింది,” అని కుళ్లాయప్ప కూలబడ్డాడు. ధర్మవరంలో రైలెక్కిన దగ్గర్నుంచీ నిలబడే వచ్చాడు. ఏళ్ల తరబడి మగ్గం గుంటలో కూర్చొని పట్టుచీరలు నేసిన నడుము. నిలబడ్డా నొప్పే, కూర్చున్నా నొప్పే.

గౌస్‌సాబ్‌ది పెనుకొండలో సైకిలు షాపు. ఇద్దరూ పోతున్నది హిందూపురంలోని ఆడపిల్లల బి.ఇడి. కాలేజీకి. అక్కడ ఏటా ఒక్క పిల్లను ఫీజు లేకుండా, హాస్టల్లో ఉంచి చదివించే ట్రస్టు సీటు ఉంది. ఈ ఏడు, అంటే 2007లో, ఆ సీటుకు పెట్టిన పరీక్షలో పవిత్ర అనే అమ్మాయి మొదటి స్థానంలో వచ్చింది. సర్టిఫికెట్లు చూస్తే మగపేరుంది. పుట్టింది మగపిల్లవాడిగానని తెలిశాక గొడవ మొదలైంది. పరీక్ష రాసిన పిల్లల పెద్దలంతా రావాలని ప్రిన్సిపాల్ కబురు పెట్టింది.

“రైళ్లలో చప్పట్లు కొట్టి అడుక్కుంటారే, ఆ బాపతంట,” అన్నాడు గౌస్‌సాబ్. “నాకు వాళ్ల మీద కోపం లేదన్నా. ఎవురి బతుకు వాళ్లది. కానీ మా పాప సుమయ్యను కాలేజీకి పంపినందుకు మాయమ్మ నాతో మాట్లాడేదే మానేసింది. ఆడోళ్లకని పెట్టిన ఒక్క సీటూ ఇట్ల పోతే, ఆ పిల్లకు నేనేం చెప్పల్ల?”

“నిజమే,” అన్నాడు కుళ్లాయప్ప. మాటవరసకు అనలేదు. ఆ బాధలో న్యాయం ఉందనే అనిపించింది.

“మీ పాప యాడుంటాది?”

“హిందూపురంలోనే. ఇంటికొచ్చి నాలుగేండ్లాయ.”

“పెండ్లి చేసినావా?”

“లేదప్పా. నేను చెప్పినట్ల వినలా. ఇంట్లోంచి పొమ్మంటి.”

“ఆడబిడ్డను పొమ్మంటివా? ఎట్ల మనసొచ్చెన్నా!”

కుళ్లాయప్ప బయటికి చూశాడు. వాన లేక వాడిన వేరుశెనగ చేలు వెనక్కి పోతున్నాయి. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య పుల్లమ్మ వాకిట్లో నిలబడి, “ఈ ఒక్కసారన్నా బిడ్డ పక్కన నిలబడు. నీతో అరిసే ఓపిక నాకింక లేదు,” అంది. ఆయనకూ లేదు. కోపాన్ని మోసీ మోసీ అలిసిపోయాడు.

ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ఒకవైపు పెద్దలు కుర్చీల్లో, ఎదురుగా గోడ పక్కన ఆడపిల్లలు. వాళ్లకు కొంచెం ఎడంగా, బీరువాను ఆనుకొని పవిత్ర, పొడుగ్గా, నూలుచీరలో. లోపలికొచ్చిన వాళ్లను ఒకసారి చూసి తల దించుకుంది. కుళ్లాయప్ప ఆ వైపు చూడలేకపోయాడు.

“స్త్రీలకు మాత్రమే అని రూల్సులో ఉంది. స్త్రీ అంటే ఎవరో రాయలేదు,” అంది ప్రిన్సిపాల్ అలివేలమ్మ నుదురు రుద్దుకుంటూ. “ఎన్ని మీటింగులు పెట్టినా ఇక్కడికే వచ్చి ఆగిపోతున్నాం.”

“హాస్టల్లో మా పిల్లోళ్లు ఎట్ల పండుకోవల్ల మేడం?” అందొక తల్లి.

“నిన్నటిదాకా మగపిల్లోడే గదా!” అన్నారింకెవరో.

పవిత్ర తల ఎత్తకుండానే మాట్లాడింది. “మగపిల్లోళ్ల హాస్టల్లో నన్ను బతకనీలా మేడం. ఈడ గూడా వద్దంటే యాడ చదువుకోవల్ల?” ఆ గొంతులో కోపం లేదు. చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలా ఉంది.

సుమయ్య ఉండబట్టలేక తండ్రి వైపు తిరిగి అంది: “ఆ సీటు నాకు కావల్ల అబ్బా. కానీ ఆ అక్కను ఇట్ల నిలబెట్టి అడగొద్దండి.”

గౌస్‌సాబ్ పక్కనున్న కుళ్లాయప్పను మోచేత్తో పొడిచాడు. “నువ్వు చెప్పన్నా. పెద్దోడివి, ఆడబిడ్డ తండ్రివి.”

కుళ్లాయప్ప నడుము పట్టుకొని లేచాడు.

“నాకు రూల్సు తెలీవు మేడం, చీరలు నేసేవాణ్ని. నా బిడ్డ శానా కష్టపడి చదివింది. నేను ఒక్కనాడన్నా తోడు రాలా. దానికి రావల్సింది దానికియ్యండి, అంతే.”

“అదీ మాటంటే!” అన్నాడు గౌస్‌సాబ్. మిగతావాళ్లూ తలలూపారు.

అలివేలమ్మ కళ్లద్దాలు సవరించుకొని ఆడపిల్లల వరుసను చూసింది. “వీళ్లలో మీ అమ్మాయి ఎవరు?”

కుళ్లాయప్ప ఒకసారి దగ్గి, తలెత్తి చూశాడు.

“పవిత్రనే మేడం నా కూతురు.”