ఎనుక నడిచిన మనిషి

ముప్పై రెండో కిలోమీటరు రాయి కాడ కురుమయ్య కూలబడ్డడు.

ఎడమ కాలి బూటు విప్పి చూసుకుండు. మడిమె మీద తోలు లేసిపోయింది. ఇరవై ఏండ్లు కిర్రు చెప్పులతోని గొర్ల ఎంబడి తిరిగిన కాలు, ఒక్క పూట బూటుకు ఓర్వలేకపోయింది.

ఎనుకకు తిరిగి చూసిండు. ఆ మనిషి ఇంకా వస్తనే ఉన్నడు.

గడ్డం నెరిసినాయన. కుడి కాలు ఈడ్చుకుంట వస్తున్నడు. ఆయన ఎనుక డీసీఎం వ్యాను, ఎద్దుల బండి కన్న మెల్లగ.

పొద్దున ఐదింటికి ఆత్మకూర్‌ల పరుగు మొదలైంది. జూరాల కట్ట మీదంగ గద్వాల దిక్కు పోయి, మళ్ల ఆత్మకూర్ రావాలె. నలబై రెండు కిలోమీటర్లు. పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేయించే ట్రస్టోళ్లు పెట్టిన పరుగు. ఆపరేషనైన పిల్లల తల్లో తండ్రో ఉరకాలె. ఒకరు ఆఖరు దాక ఉరికితే ఇంకొక పసిబిడ్డకు ఆపరేషన్. ఎవరి కోసం ఉరుకుతున్నరో వాళ్ల ఫోటో ఛాతికి కట్టుకోవాలె.

కురుమయ్య ఛాతి మీద డానిష్ ఉన్నడు. నాలుగేండ్ల పిలగాడు.

పొద్దున వాని తల్లి కౌసర్ తన చేతులతోనే ఫోటో కట్టింది. పెదవులు నీలంగున్న పిలగాన్ని సంకల ఎత్తుకొని నిలబడ్డది, అంతే. అట్ల నిలబడుడు కురుమయ్యకు ఎరుకే. పోయినేడు దవాఖాన గడపల బిడ్డ అక్షితను ఎత్తుకొని తనూ అట్లనే నిలబడ్డడు. పది అడుగులేస్తే ఆయాసపడే బిడ్డ, ఇప్పుడు గొర్రెపిల్లల ఎంబడి ఉరుకుతాంది.

అక్షిత కోసం ఉరికినాయన పేరు సాయిలు అని దవాఖాన కాయితంల ఉండె. దేవరకొండ దిక్కాయన అట. కురుమయ్య ఆయన్ని ఎన్నడు చూడలె. పొద్దున ట్రస్టుల పనిచేసే భాగ్యలక్ష్మిని అడిగిండు. ఆమె పేర్లు రాసుకుంటనే, సాయిలన్న వచ్చిండని, పరుగు అయినంక చూపిస్తనని చెప్పింది. కాళ్లు మొక్కాలె అనుకుండు కురుమయ్య.

భయమంత ఆ డీసీఎంతోనే. అందరి కన్న ఎనుకున్న మనిషి ఎనుకనే అది నడుస్తది. ఆ మనిషిని దాటదు. ఆయన కూసుంటే ఎక్కించుకుంటది. ఎక్కినోళ్ల పరుగు లెక్కకు రాదు.

కురుమయ్య కూసునుడు ఇది మూడోసారి. మూడుసార్లూ గడ్డపాయన దాటిపోలె. తను కూసుంటే ఆయన నడక ఇంకింత మెల్లగైతాంది. తను లేస్తే ఆయన అడుగు సాగుతాంది. దగ్గరకు రాడు, ముందుకు పోడు.

కాలి మంట నెత్తికెక్కింది కురుమయ్యకు.

"నా ఎంబడి ఎందుకు పడ్డవు పెద్దమనిషీ? పోయేదుంటే పో."

"నువ్వు నడువు తమ్మీ. నాకేం తొందర లేదు."

ఆయన ఛాతి మీద ఏ ఫోటో లేదు. ట్రస్టోళ్లిచ్చిన అంగి మాత్రం కొత్తగ మెరుస్తాంది. అంగి కోసం, అరటిపండ్ల కోసం వచ్చేటోళ్లు గూడ ఉంటరని పొద్దున ఎవరో అన్నరు.

"ఎవరి కోసం ఉరుకుతున్నవు?"

"ఈసారి ఎవ్వరు లేరు."

"మరి ఉత్త అంగికి వచ్చినవా, గీ కుంటి కాలేసుకొని?"

ఆయన నవ్విండు. నడుముకున్న నీళ్ల సీస తీసి రాయి మీద పెట్టి, మళ్ల నాలుగడుగులు ఎనుకకు జరిగిండు.

"కాలు పోయినేడే గిట్లైంది తమ్మీ."

కురుమయ్య నీళ్లు తాగిండు. సీస ఆడనే పెట్టి లేసిండు.

పల్లి చేన్ల మీద ఎండ ముదిరింది. మందకు ఎప్పుడైనా ఎనుక నడిచేది కురుమయ్యనే. కుంటి గొర్రె వెనుకబడితే, దాని అడుగుకే తన అడుగు కలిపి నడిచేటోడు. అసుంటోనికి, తన ఎనుక ఒక మనిషి నడుస్తాంటే ఎందుకో కంపరమైతాంది.

ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయినంక ఎనుక నుంచి మాట వినబడ్డది.

"తమ్మీ, బిడ్డ ఇప్పుడు ఉరుకుతదా?"

కురుమయ్య తిరిగి చూడలె. ఊపిరి మాటకు చాలుతలేదు.

"నా బిడ్డ సంగతి నీకెందుకు? నీ కాలు సంగతి చూసుకో."

ఆయన మళ్ల అడగలె.

ఆత్మకూర్ మొదట్ల రంగు కాయితాల తోరణం కనబడ్డది. ఉరికిండో, ఈడ్చుకుంట పోయిండో కురుమయ్యకే తెల్వదు. తోరణం కింద కౌసర్ కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తాంది. డానిష్ తన ఫోటోను తనే ఏలితో ముట్టి చూసిండు.

ఎనుక అడుగుల చప్పుడు లేదు. నూరు గజాల దూరంల డీసీఎం ఆగింది. గడ్డపాయనను ఇద్దరు చెరో రెక్క పట్టి ఎక్కిస్తున్నరు.

పీడ పోయిందనుకుండు కురుమయ్య. నీడ చూసుకొని పండుకుండు.

లేసేసరికి మూడు దాటింది. భాగ్యలక్ష్మి కాడికి పోయి, సాయిలన్నను చూపియ్యమన్నడు.

ఆమె రాసేది ఆపింది.

"ఇప్పుడే బస్సెక్కి పోయిండు గదన్నా. నీకు చెప్పలేదా? పొద్దటి సంది నీ ఎనుకనే నడిచిండు."

కురుమయ్య బస్సులు పోయే తొవ్వ దిక్కు చూసిండు.

"ఒకరి పరుగు ఒక్కసారే లెక్క, అక్షిత కోసం ఉరికినప్పుడే నీ మోకాలు పోయింది, రాకు సాయిలన్నా అని మొత్తుకున్న. డీసీఎంకు ఎవరో ఒకరు అడ్డముండాలె గద అన్నడు."

ఆమె మళ్ల కలం పట్టుకుంది.

"ఇంకొక్క పనుంది, పాప ఇప్పుడు ఉరుకుతదా అని వాళ్ల నాయిన్ని అడగాలె అన్నడు, అడిగిండా?"