జలపాతం దారిలో ఇద్దరు మర్యాదస్తులు

"ఇటేగా అండీ?" వాగు రెండుగా చీలినచోట ఆగి అడిగాడు రాఘవులు.

హరిబాబుకి నవ్వొచ్చింది. గైడు తనని పరీక్షిస్తున్నాడన్నమాట! పల్లపు ప్రాంతం వాళ్లంటే కొండల్లో వాళ్లకి ఆమాత్రం చిన్నచూపు ఉంటుంది.

"ఆయ్. ఇటేనండి," అన్నాడు దర్జాగా, పుట్టి బుద్ధెరిగాక ఆ ఛాయలకి రాకపోయినా.

అమలాపురంలో ఫ్యాన్సీ షాపు నడుపుకునేవాడికి కొండ సంగతేం తెలుస్తుంది? అక్కడ అన్నిటికంటే ఎత్తైనది ఏటిగట్టు. అది ఎక్కితేనే హరిబాబుకి ఆయాసం. ఆ ముక్కే పోయిన వారం భార్య సూర్యకుమారి పుట్టింట్లో అందరి ముందూ అనేసింది.

"మా బావగారు జలపాతం కింద నిలబడి ఫొటో దిగేరు. మీరు గట్టెక్కి దిగండి, అదే పదివేలు."

ఆ బావగారు, అంటే హరిబాబు తోడల్లుడు రాజేంద్రప్రసాద్, సదరు ఫొటోకి ఫ్రేము కట్టించి అత్తవారి హాల్లోనే తగిలించాడు, మహానుభావుడు. దానికి చోటివ్వడానికి దేవుడి క్యాలెండరు వంటింట్లోకి వెళ్లింది. హరిబాబుకి ఒళ్లు మండిపోయింది. "ఆదివారం సాయంత్రానికి నా ఫొటో రాకపోతే మీ పుట్టింటి గడప తొక్కను," అని శపథం చేశాడు. అత్తగారి చేతి పనసపొట్టు కూర వదులుకోవడమంటే మాటలు కాదు.

అందుకే టోపీ, బూట్లు, చేతికర్ర, మెడలో విజిల్, నడుముకి తాడు, కొట్లో కనిపించినవన్నీ ఒంటికి తగిలించుకుని మన్యం బస్సెక్కాడు. జలపాతం టికెట్ల దగ్గర గైడు కావాలంటే, అక్కడి మనిషి ఇడ్లీ మీంచి తలెత్తకుండా, "మీవాడు మలుపులో ఉంటాడు, పొండి," అన్నాడు. మలుపులో ఉన్నవాడికి ఎగ్గట్టిన లుంగీ, హవాయి చెప్పులు, భుజాన తువ్వాలు. ముఖం చూస్తేనే తెలిసిపోతోంది, బండల మధ్య పుట్టినవాడని.

"వెళ్దామాండీ?" అన్నాడు హరిబాబు.

"ఆయ్. మీ కోసమే చూస్తున్నానండి. నన్ను రాఘవులంటారండి."

"మీరు ముందు నడవండి. వెనకాల నేనున్నానుగా."

"తమరున్నాక ధైర్యమేనండి!"

అడవి మనిషైనా మాటకో ఆయ్, మాటకో అండీ! మనవైపు వాళ్లు వచ్చి వచ్చి ఇతనికి కాస్త సభ్యత నేర్పారని మురిసిపోయాడు హరిబాబు.

అలా మూడు గంటలు ఎక్కారు. దారిలో గైడు రెండుసార్లు నాచు మీద జారి నీళ్లలో కూలబడ్డాడు. ఎక్కడ కాలు పెట్టకూడదో చూపిస్తున్నాడు కాబోలు, ఎంత శ్రద్ధ! ఓ బండ మీద కూర్చుని కొబ్బరి లౌజు పెట్టాడు. అచ్చం ఇంట్లో చేసినట్టే ఉంది. అడవుల్లో కూడా కొబ్బరి లౌజు! దేశం బాగుపడింది.

"దగ్గరికొచ్చేశామాండీ?" అన్నాడు హరిబాబు రొప్పుతూ.

"ఆయ్."

"నీళ్ల చప్పుడు వినపడట్లేదేంటండీ?"

"ఆయ్. వినపడట్లేదండి."

"దారి ఇదేనాండీ?"

"ఆయ్. తమరన్నాక ఇంక తిరుగేముందండి!"

మరో గంటకి లోయ ముగిసిపోయింది. ఎదురుగా నిట్టనిలువు కొండ. దాని మీంచి సన్నగా కారుతోంది నీరు. ఇంటి కుళాయే నయం, అది కనీసం ధార కడుతుంది. ఫోనులో సిగ్నల్ లేదు. కొండ నెత్తిన మబ్బు కమ్ముకొస్తోంది. వెనక్కి ఎన్ని చీలికలు దాటారో, ఏ చీలికలో ఎటు తిరిగారో హరిబాబుకి ఒక్కటీ గుర్తులేదు. ఫొటో సంగతి దేవుడెరుగు, ప్రాణాలతో ఇల్లు చేరితే చాలనిపించింది. ఆ భయం కాస్తా కోపమై నెత్తికెక్కింది. ఎంత కోపమొచ్చినా గోదారి నోరు కదా, మర్యాద మాత్రం తప్పలేదు.

"ఏమండీ, తమరికి బుద్ధుందాండీ? పొద్దుణ్ణుంచీ ఆయ్ ఆయ్ అంటూ ఈ గోతిలోకి తెచ్చి పడేశారు! దారి తెలీనప్పుడు గైడు పనికి ఎందుకొచ్చేరండీ?"

రాఘవులు ముఖంలో నెత్తురుచుక్క లేదు. తువ్వాలుతో చెమట తుడుచుకుని, హరిబాబుని కిందనించి పైదాకా చూశాడు.

"అయితే గైడు మీరు కాదాండీ?"