నీలిచుక్కల ఫాల్

"అక్కడ ఆపు!" అంది రాధారాణి.

మీనా రిమోట్ నొక్కింది. టీవీలో బొమ్మ వణుకుతూ నిలబడింది. న్యూయార్క్ హార్లెమ్‌లో ఒక హాలు. మామిడిపండు రంగు గద్వాల్ చీర కట్టుకున్న మగమనిషి ఒకడు, మొహానికి అడ్డంగా నెమలీకల విసనకర్ర పెట్టుకుని గిర్రున తిరుగుతున్నాడు.

"తెలిసిందా అమ్మా? ఎవరు?" మీనా సోఫా అంచుకి జరిగింది. "సోమవారం ప్రొఫెసర్‌కి ఫిల్మ్ ఇచ్చెయ్యాలి. అందరూ నాతో మాట్లాడారు. ఇతను ఒక్కడే విసనకర్ర దించకుండా తల అడ్డంగా ఊపేశాడు. ఇండియన్ అని మాత్రం తెలుసు. ఇతని ఇంటర్వ్యూ లేకపోతే ఇంక నా ఫిల్మ్‌లో ఏముంది?"

"ఉండవే, చూడనీ."

మీనా న్యూయార్క్‌లో సినిమాలు తీయడం చదువుతోంది. మూడు నెలలుగా కెమెరా భుజాన వేసుకుని, మగవాళ్ళు ఆడవేషం కట్టి పోటీపడే ఈ 'బాల్'ల వెంట తిరుగుతోంది. మొదట్లో రాధారాణి హడలిపోయింది. రెండు టేపులు చూశాక ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎవరు వీళ్ళంతా? ఇళ్ళలోంచి గెంటేసిన నల్లవాళ్ళ పిల్లలు, స్పానిష్ వాళ్ళ పిల్లలు. ఇన్ని నగలెక్కడివి? పూసలు కొనుక్కుని వాళ్ళే గుచ్చుకున్నారు. ఆ బల్ల వెనకవాళ్ళు? జడ్జీలు. కట్టూ, నడకా చూసి మార్కులు వేస్తారు. మరి ఆ లావుపాటాయన్ని అందరూ 'మదర్' అంటారేం?

"తిండి పెడతాడు కదమ్మా" అంది మీనా.

ఆ జవాబు రాధారాణికి నచ్చింది.

"కట్టు మాత్రం మనదే" అంది ఇప్పుడు, టీవీ దగ్గరికి వెళ్ళి వంగి చూస్తూ. "కుచ్చిళ్ళు చూడు, ఒక్క గీత గీసినట్టున్నాయి. ఇంకొకళ్ళు కింద కూర్చుని లాగి సర్దందే అలా రావు."

"సో, వేరే ఎవరో హెల్ప్ చేశారా?"

రాధారాణి చూపు ఇంకా కిందికి జారింది. తిరిగిన ఊపుకి చీర అంచు పైకి లేచి ఉంది. లోపల ఫాల్ కనిపిస్తోంది. తెల్లగుడ్డ మీద నీలిచుక్కలు. న్యూజెర్సీలో తాముండే ఈ పార్సిప్పనీ చుట్టుపక్కల ఎక్కడా మ్యాచింగ్ ఫాల్ దొరక్క, తన వంటింటి కర్టెన్లు కుట్టగా మిగిలిన గుడ్డతో తన చేత్తో వేసిన ఫాల్ అది. ఆ చీర తన స్నేహితురాలు కామేశ్వరిది.

మీనా మళ్ళీ ప్లే నొక్కింది. ఆ మనిషి జడ్జీల ముందు ఆగి, ఖాళీగా ఉన్న చేతిని మెడ దగ్గరికి తీసుకెళ్ళి, లేని టై ముడిని రెండువేళ్ళతో సవరించుకున్నాడు.

తెలుగు సంఘం మీటింగుల్లో మైకు ముందు నిలబడిన ప్రతిసారీ నరసింహ చేసే పనే అది. కామేశ్వరి భర్త. మీనా ఎదురుపడితే చాలు, గ్రేడ్లు ఎలా ఉన్నాయని నిలదీసే అంకుల్.

రాధారాణి టీవీ దగ్గర్నుంచి చటుక్కున వెనక్కి జరిగింది. పాపం, కామేశ్వరికి ఇది తెలిస్తే!

బెల్ మోగింది. గుమ్మంలో కామేశ్వరే, చేతిలో ప్లాస్టిక్ సంచితో.

"మళ్ళీ ఫాల్ ఊడింది రాధా, నీ ప్రాణం తీస్తున్నాను. కారు డోర్‌లో పడింది."

పోయినసారి ఎస్కలేటర్ అంది. అంతకుముందు ఎవరో తొక్కారంది.

"ఆంటీ! ఒక్క నిమిషం, ఇది చూడరా ప్లీజ్?"

"ఆంటీకి అవతల బోలెడు పనుందే" అంది రాధారాణి గబగబా.

"నాకేం పని? వంట కూడా అయిపోయింది." కామేశ్వరి వచ్చి కూర్చుంది.

మీనా టేపు వెనక్కి తిప్పింది. రాధారాణికి ఏం చెయ్యాలో తోచక, వంటింటి కిటికీకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. ఆవిడ వెనకే కర్టెన్ మీద నీలిచుక్కలు.

కామేశ్వరి రెప్పవెయ్యకుండా చూసింది. చీర తిరిగింది, అంచు లేచింది. జడ్జీలు అట్టలెత్తారు. పది. పది. పది. హాలంతా గోల.

"ఫస్టొచ్చాడా?" అంది కామేశ్వరి.

"ట్రోఫీ కూడా ఇచ్చారు! మీకు తెలుసా ఆంటీ ఇతను?"

"ఎవరో గుజరాతీ అయ్యుంటాడమ్మా."

"అమ్మా, నువ్వు చెప్పు. నీకు తెలిసింది, నీ ఫేస్‌లో చూశాను."

రాధారాణి కూతురి వంక చూసింది. మూడు నెలల కష్టం. పేరు నాలుక చివర ఉంది. సోఫాలో కామేశ్వరి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాకేం తెలీదు. అయినా మొహం చూపించనన్నవాణ్ణి వెంటపడి అడగడం ఏం మర్యాదే? నడక చూపించు, చాలు."

"దట్స్ నాట్ ఫెయిర్!" మీనా టేపు లాక్కుని మేడమీదికి వెళ్ళిపోయింది. పైన తలుపు దబ్బున పడింది.

స్నేహితురాలి మొహం చూడలేక రాధారాణి సంచిలోంచి చీర బయటికి తీసింది. అంచు తిప్పింది. సరిగ్గా మడమ తగిలేచోట నీలిచుక్కల గుడ్డ జానెడు చిరిగి వేలాడుతోంది.

"ఈసారి డబుల్ దారంతో కుడతాలే" అంది. "కారు డోర్ దగ్గర జాగ్రత్త."

కామేశ్వరి తాళాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. మెట్లవైపు ఒకసారి చూసి వెనక్కి వచ్చింది.

"దారం ఒంటిదైనా పర్లేదు గానీ రాధా, కుట్లు కాస్త దగ్గరగా వెయ్యి. నేను కింద కూర్చుని కుచ్చిళ్ళు ఎంత బాగా సర్ది పంపినా, మా ఆయన హీల్ అందులో ఇరుక్కుంటోంది."