బోర్డు మీది పేరు

"చచ్చిపోయినాయన మీద అప్పు రాశావమ్మా," అన్నాడు మేనేజరు, కంప్యూటరు తెరను ఆమెవైపు తిప్పి.

ఆమె చూసింది. అట్టపెట్టెలు చేసే మిషన్ తాకట్టు పెట్టుకుని వాళ్ళ ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన అప్పు అది. సర్కారు తాకట్టు రిజిస్టర్లో అప్పుదారు పేరు దగ్గర ఆమె ఎక్కించింది షాపు బోర్డు మీది పేరు. అది అప్పు తీసుకున్న పెట్టెలాయన తండ్రిది. ఆ పెద్దాయన పోయి చాలాకాలమైంది. వీధి వీధంతా కొడుకుని కూడా ఆ పేరుతోనే పిలుస్తుంటే ఆమె కూడా పిలిచింది. పిలిచిన నోటితోనే రాసేసింది.

ఆఫీసులో ఆమెకి కార్డమ్మ అని ముద్దుపేరు. పిలిచే పేరు కాదు, గుర్తింపు కార్డులో పేరు రాయండి అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. అంతటి కార్డమ్మా ఆ ఒక్కరోజు, కార్డు ఇంట్లో మర్చిపోయానని పెట్టెలాయన అంటే పోన్లెమ్మనుకుంది.

పెట్టెలాయన మునిగిపోతున్నాడట. ఆ మిషన్ మీదే ఇంకెవరి దగ్గరో డబ్బు తీసుకున్నాడని బజార్లో కబురు. ఆ ఇంకెవరో రిజిస్టర్లో అతని అసలు పేరు వెతికితే ఏమీ కనబడదు. కాకపోతే వాళ్ళింకా తమ అప్పు ఎక్కించుకున్నట్టు లేదు. సరైన పేరుతో ముందు ఎవరు ఎక్కించుకుంటే మిషన్ వాళ్ళది. రెండోవాళ్ళకి చిప్పే.

"సాయంత్రంలోగా ఆ పేరు సరిచేసుకుని రా. లేకపోతే రేపట్నుంచి రావద్దు," అన్నాడు మేనేజరు. మళ్ళీ తనే గొంతు తగ్గించి, ఆమెతో పాటు తన ఉద్యోగమూ ఊడుతుందని, పైవాళ్ళు కాచుకుని ఉన్నారని చెప్పాడు.

షెడ్డులో బంక వాసన. అమ్ముడుపోని పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. పనివాళ్ళు ఒక్కరూ లేరు. ఆగిపోయిన మిషన్ పక్కన పెట్టెలాయన ఒక్కడే కూర్చుని, చేత్తో అట్టలు మడుస్తున్నాడు.

వడ్డీ తగ్గించే ఆలోచనలో ఉన్నామని, దానికి కార్డు కావాలని చెప్పింది. దారి పొడుగునా నోట్లో నానబెట్టుకొచ్చిన అబద్ధం, తడబడకుండానే బయటికొచ్చింది. అతని ముఖం వెలిగింది. బంక చేతులు ప్యాంటుకి తుడుచుకుని, స్టూలు దులిపి వేసి, టీ తెప్పిస్తానన్నాడు. వద్దంది.

"నిన్న కూడా ఒకరు కార్డు అడిగారు మేడమ్," అన్నాడు జేబులోంచి తీసిస్తూ. "కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివారు. మీరే నయం, అప్పట్లో అడగనే లేదు."

"మిషన్ మీద మళ్ళీ అప్పు చేశారా?"

అతని నవ్వు ఆగిపోయింది. పనివాళ్ళకి జీతాలు బాకీపడ్డానని, వచ్చిన డబ్బు వచ్చినట్టే వాళ్ళకి పంచేశానని నేల చూస్తూ చెప్పాడు. వచ్చే నెల షెడ్డుకి తాళమేనన్నాడు.

"మీ అప్పు సంగతి చెబుదామనే అనుకున్నాను. రిజిస్టర్లో నామీద ఏమీ లేదని వాళ్ళే అన్నారు. ఇక నోరు పెగల్లేదు."

ఇచ్చింది ఎవరని ఆమె అడగలేదు. పేరు తెలిస్తే చెయ్యి ఆడదని భయం.

కార్డు ఫోటో తీసుకుని బయటికొచ్చింది. షెడ్డు గోడకి ఆనుకుని ఫోన్లోనే దిద్దుబాటు దరఖాస్తు తెరిచింది. పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. ఆఖరి బటన్ దగ్గర వేలు మొరాయించింది. ఈ ఒక్క నొక్కుతో ఎవరి సొమ్మో గంగపాలు. ఎవరో పెద్ద ఫైనాన్సు కంపెనీవాళ్ళై ఉంటారు, వాళ్ళకిదొక లెక్కా అని తనకి తనే చెప్పుకుంది. ఎవరో ఒకరు మునగక తప్పనప్పుడు నేనే ఎందుకు మునగాలి అనుకుంది. నొక్కేసింది.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. ఆ మిషన్ మీద మొదటి హక్కు ఆమె కంపెనీదే. మేనేజరు ఫోన్ చేసి, కార్డమ్మా నా ఇల్లు నిలబెట్టావు అన్నాడు. ఆమెకి ఎందుకో సంతోషం రాలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది.

"ముఖం అలా వేలాడేసుకున్నావేం? మీ మేనేజరు మళ్ళీ కరిచాడా?"

"లేదత్తయ్యా. మెచ్చుకున్నాడు."

"అయితే మరీ ప్రమాదం," అంటూ అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయి తలుపు దగ్గరగా వేసింది. కొడుక్కి అప్పుడే చెప్పవద్దని ఒట్టేయించుకుంది. పుట్టింటివాళ్ళిచ్చిన స్థలం కిందటి నెల అమ్మేసిందట. ఊరికే ఉంచితే డబ్బు పిల్లలు పెడుతుందా అని వడ్డీకి తిప్పిందట. ఇక మందులకీ మాకులకీ ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదట.

"అన్నం దగ్గర కూర్చుని ఇన్నాళ్ళూ నీ ఆఫీసు పాఠాలు విన్నాను కదమ్మాయ్. ఊరికే పోలేదు."

"ఎవరికిచ్చారత్తయ్యా?"

అత్తగారు కళ్ళద్దాలు తీసి, తీరుబడిగా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"బోర్డు చూసి మోసపోలేదులే, నువ్వు చెప్పినట్టే కార్డు తీయించి ఆ పేరుతోనే వెతికించాను, ఆ పెట్టెలాయన మీద ఒక్క అప్పూ లేదు, ఇక నాది రిజిస్టర్లో ఎక్కించడమంటావా, ఇంట్లో నిన్ను పెట్టుకుని బయటివాళ్ళకి ఫీజెందుకని నువ్వు తీరిగ్గా దొరికేదాకా ఆగాను."