సూర్యుణ్ణి చూడని ఉడుత

అడవి బడిలో అరవైమంది పిల్లలు. వానలు మొదలయ్యేలోగా ఒక్కొక్కరూ ఒక విద్య ఎంచుకోవాలి. ఎంచుకోనివాళ్లను తాబేలు మాస్టారు గూళ్ల అల్లికలో వేసేస్తారు.

"యాభైమందిమి అల్లికలోనే చేరాం. నువ్వూ వచ్చెయ్యవే," అంది కుందేలు.

ఉడుత తొందరపడలేదు. అల్లిక, తేనె వెతకడం, విత్తనాలు నాటడం రోజుకొకటి చేసి చూసింది. గడువు రోజు సాయంత్రం మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"అల్లుతూ, పొద్దు ఎప్పుడు గుంకుతుందా అని పద్నాలుగుసార్లు సూర్యుణ్ణి చూశాను మాస్టారూ. తేనె వెతుకుతూ తొమ్మిదిసార్లు. నాటుతూ ఒక్కసారీ చూడలేదు. నాటడమే రాసుకోండి."

"అందులో నువ్వొక్కదానివే," అక్కడే ఉన్న కుందేలు నవ్వింది. "చివరి ర్యాంకు నీదే."

"మొదటిదీ నాదే," తోక ఎత్తి అంది ఉడుత.

మాస్టారు పేరు రాసి తలెత్తేసరికి అది గుంత తవ్వుతోంది. చీకటి పడిందని ఆయనే పిలిచి చెప్పాల్సి వచ్చింది.